‘ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే సరి’ అనే సలహా వినకండి

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయికి 24 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. కిందటేడాది అద్దె గదిలో స్నేహితులతో ఉండగా, గోల చేస్తున్నారని పక్క ఫ్లాట్ వాళ్లు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. గదిలో 12 గ్రాముల గంజాయి దొరికిందని, మూత్ర పరీక్షలో పాజిటివ్ అని కేసు పెట్టారు. తన గదిలో తాను తాగితే అది వ్యక్తిగత స్వేచ్ఛ కాదా? ఏడాది దాటినా చార్జిషీటు లేదు, కేసు మురిగిపోయినట్టేనా? ఒప్పుకుని ఫైన్ కడితే అయిపోతుందని ఒకాయన అంటున్నాడు. వాడు అమెరికా వెళ్లాలి. టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్రలేదు.

జవాబు: స్వేచ్ఛ సంగతి పక్కన పెట్టండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తు పదార్థాల నిరోధక చట్టంలో, సెక్షన్ 27 ప్రకారం గంజాయి తాగడమే నేరం, సొంత గదిలో తాగినా అంతే. ఆ సెక్షనే చెల్లదని వాదించాలంటే హైకోర్టుకు వెళ్లాలి, మీవాడికి అంత టైం లేదు.

మీ కేసును తేల్చేది ఎఫ్‌ఐఆర్‌లో రాసిన సెక్షన్. మీ ఉత్తరంలో ఆ ముక్కే లేదు. ఏడాదిగా ఎఫ్‌ఐఆర్ కాపీ కూడా తీసుకోకుండా ఎవరెవరి మాటలో వింటూ కూర్చున్నారా? సెక్షన్ 27 అయితే ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. గంజాయి దగ్గర పెట్టుకున్నందుకు సెక్షన్ 20 వేస్తే, కిలో వరకు చిన్న మొత్తమే కాబట్టి ఏడాది వరకు జైలు, లేదా అదే పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. చూడటానికి పెద్ద తేడా లేదు, కానీ సెక్షన్ 33 ప్రకారం 18 దాటినవాడు సెక్షన్ 27 కింద అయితే ప్రొబేషన్, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతు మీద వదిలేయమని, అడగొచ్చు, సెక్షన్ 20 కింద అడగడానికే లేదు.

గడువు మీద ఆశ పెట్టుకోవద్దు. ఇలాంటి నేరాల్లో కోర్టు కేసు చేపట్టడానికి ఏడాది గడువు ఉన్నమాట నిజమే, కానీ సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 514 వివరణలో ఎఫ్‌ఐఆర్ నమోదైన తేదీనే లెక్కలోకి తీసుకోమన్నారు. మీవాడి మీద ఎఫ్‌ఐఆర్ కిందటేడాది అప్పుడే పడింది కదా, కాబట్టి కేసు మురిగిపోలేదు.

ఇక ఆ ఫైన్ సలహా. నేరం ఒప్పుకుంటే అది శిక్ష పడ్డట్టే, కట్టింది వెయ్యి రూపాయలైనా సరే. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు గంజాయిని అనుమతించినా ఫెడరల్ చట్టం అనుమతించదు, వీసా ఇచ్చేది ఆ ఫెడరల్ ప్రభుత్వమే. డ్రగ్స్ నేరంలో శిక్ష పడటమే కాదు, నేరం చేశానని ఒప్పుకోవడం కూడా అక్కడ వీసాకు అడ్డే. ఆ సలహా ఇచ్చినాయన రేపు కాన్సులేట్‌కు వచ్చి మీవాడి పక్కన నిలబడడు!

సాక్ష్యం చూద్దాం. పక్క ఫ్లాట్ వాళ్లు చెప్పగలిగేది గోల గురించే, గోల గంజాయికి రుజువు కాదు. పోలీసులు కిట్‌తో చేసే మూత్ర పరీక్ష ప్రాథమికమే, ల్యాబ్ రిపోర్టు కావాలి. దొరికింది ఎవరి బ్యాగులో, పంచనామాలో ఏం రాశారు, శాంపిల్ మేజిస్ట్రేట్ ముందు తీశారా? గదిలో నలుగురు ఉన్నప్పుడు ఈ ప్రశ్నలకు చాలా బలం ఉంటుంది.

అబ్బాయి నిజంగా అలవాటు మానలేని స్థితిలో ఉంటే సెక్షన్ 64ఏ ఉంది. తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో, ఉదాహరణకు ఎర్రగడ్డలో, చికిత్స పూర్తి చేస్తే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో మానేస్తే అది పోతుంది. అలవాటు లేకపోయినా ఉన్నట్టు దొంగ సర్టిఫికెట్ తేవద్దు, అది ఇంకో కేసు అవుతుంది.

రేపే ఎఫ్‌ఐఆర్, పంచనామా కాపీలు తెచ్చి క్రిమినల్ లాయర్‌కు చూపించండి. అబ్బాయికి 14446కు ఫోన్ చేయమని చెప్పండి, అది మత్తు మాన్పించే హెల్ప్‌లైన్.