మరిగే నీళ్ల కుళాయికి వారంటీ లేదంటున్నారు: ముందు ఆ పసుపు కాగితం వెతకండి

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయురాలిని. మావారు పోయాక హనుమకొండలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పొయ్యి దగ్గర నిలబడే పని తగ్గుతుందని అమెరికాలో ఉన్న మా అబ్బాయి 2023 నవంబరులో హైదరాబాద్ షోరూంలో 64 వేలకు మరిగే నీళ్లిచ్చే కుళాయి కొని పంపాడు. బిల్లు వాడి పేరు మీదే ఉంది. వారంటీ రెండేళ్లు. కంపెనీ మనిషే వచ్చి సింకు కింద ట్యాంకు బిగించి, పై ట్యాంకు లైనుకు కలిపాడు. అందులో బోరు నీళ్లే ఎక్కువ. 2024 జూన్‌లో నీళ్లు వేడెక్కకపోతే థర్మోస్టాట్ ఉచితంగా మార్చారు. అదే ఏడాది అక్టోబరు 14న మళ్లీ ఆగిపోయింది. ఈసారి వచ్చినతను, గార పట్టి ఎలిమెంటు కాలిపోయిందని, బోరు నీళ్లకు వారంటీ వర్తించదని చెప్పి నా సంతకం తీసుకుని వెళ్లాడు. కొత్త ట్యాంకుకు 28 వేలు అడుగుతున్నారు. మేము తాగేవీ ఆ నీళ్లే కదా! అప్పటి నుంచి మెయిళ్లు పెడుతూనే ఉన్నాము. పెద్దదాన్నన్న గౌరవం కూడా లేదు. చీటింగ్ కేసు పెట్టి మానసిక వేదనకు పది లక్షలు అడగవచ్చా? ఫిల్టరు కార్ట్‌రిడ్జి ఒక్కసారీ మార్చలేదు. తెలిసిన దుకాణదారు పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? వారంటీ పుస్తకం కనబడడం లేదు. బిగించిన రోజు ఇచ్చిన పసుపు కాగితం ఒకటి బీరువాలో ఉండాలి.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. అందులో మీ కేసును తేల్చే మాట ఒక్కటే, దాన్ని మీరు చిట్టచివర రాశారు: ఆ పసుపు కాగితం. అది బిగింపు నివేదిక. ఇలాంటి యంత్రాలు బిగించినప్పుడు కంపెనీ మనిషి నింపే ఆ కాగితంలో నీటి లైను, వోల్టేజి, నీటి కాఠిన్యం (నీళ్లలో గార కట్టించే లవణాల మోతాదు) వంటి వివరాలకు సాధారణంగా గడులు ఉంటాయి. ఈరోజే బీరువా తీసి చూడండి. కాఠిన్యం అనే గడి ఖాళీగా ఉంటే, లేదా పరీక్ష చేయకుండా గీత కొట్టి వదిలేసి ఉంటే మీ కేసు బలంగా ఉంది. అక్కడ ఒక అంకె వేసి, దాని కింద 'సాఫ్ట్‌నర్ పెట్టించుకోవాలని చెప్పాము' (అంటే కాఠిన్యం తగ్గించే పరికరం) అని రాసి, మీ సంతకం ఉంటే కేసు బలహీనం. మిగతా వాదనలన్నీ దీని తరువాతే.

కారణం చెబుతాను. మీది ఉత్పత్తి లోపమని ముందుగా చూపించాల్సిన భారం మీదే. అయితే 'వారంటీ ఉంది కానీ ఫలానా షరతు వల్ల వర్తించదు' అన్న క్షణంలో ఆ షరతు బరువు కంపెనీ మీద పడుతుంది. కంపెనీ రెండు విషయాలు చూపించాలి. షరతును కొన్ననాడే కొనుగోలుదారుకు తెలియజేశామని ఒకటి, పాడవడానికి అదే కారణమని రెండోది. మినహాయింపు షరతులు ఇవ్వకుండా, చెప్పకుండా వాటిని కొనుగోలుదారు మీద రుద్దలేరని 2019లో భారత్ వాచ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అది బీమా కేసు. సూత్రం మాత్రం మీ వాదనకు పనికొస్తుంది. కంపెనీ మనిషే వచ్చి, నీళ్లు పరీక్షించకుండా, తన చేత్తో బోరు నీళ్ల లైనుకు కలిపి వెళ్లాడంటే, ఏడాది తరువాత 'మీవి బోరు నీళ్లు' అనే మాట వినియోగదారుల ఫిర్యాదులు విచారించే జిల్లా కమిషన్ ముందు నిలబడడం కష్టం.

'మేము తాగేవీ ఆ నీళ్లే కదా' అన్న వాదన మాత్రం వదిలేయండి. అది మీకే ఎదురు తిరుగుతుంది. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మనిషి తాగడానికి పనికొచ్చే 500 కాఠిన్యం నీళ్లు మరిగే ట్యాంకును దెబ్బతీస్తాయి. వాటిలోని కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి, సున్నపు పొరగా ఎలిమెంటుకు అంటుకుంటుంది. పొర మందమయ్యే కొద్దీ నీళ్లలోకి వేడి పోదు, లోపలే నిలిచి ఎలిమెంటు కాలిపోతుంది. పప్పు ఉడకని, సబ్బు నురగ రాని బోరు నీళ్ల సంగతి మన ఇళ్లలో అందరికీ తెలుసు. కమిషన్ సభ్యులకూ తెలుసు. ఇంకో మాట: టీడీఎస్ మీటరు అంకె కూడా చూపకండి. అది నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెబుతుంది, కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. కంపెనీ వకీలు అడిగే మొదటి ప్రశ్నకే ఆ అంకె వీగిపోతుంది.

మీ చేతిలో ఉన్న అసలు బలం వేరే. జూన్‌లో థర్మోస్టాట్ మార్చారు. అప్పుడు ట్యాంకు విప్పారా? విప్పి ఉంటే గార గురించి ఆ రోజు మెకానిక్ నింపిన జాబ్ కార్డులో ఏమైనా రాశారా? ఏమీ రాయకుండా, హెచ్చరించకుండా వెళ్లి, నాలుగు నెలలకే గార కారణం చూపితే అదే వాళ్లను ఇరుకున పెడుతుంది. వేడి ఒక స్థాయి దాటితే థర్మోస్టాట్ కరెంటు ఆపాలి. కొత్తగా వేసిన థర్మోస్టాట్ సరిగా ఆపకపోయినా ఎలిమెంటు కాలవచ్చు. గార వల్ల కాలిందా, థర్మోస్టాట్ లోపం వల్ల కాలిందా అన్నది మెకానిక్ నోటిమాటతో తేలేది కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్ కింద, పరీక్ష లేకుండా లోపం తేలనప్పుడు కమిషనే వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చు. సాధారణంగా 45 రోజుల్లో నివేదిక రావాలి. రుసుము ముందు మీరు కట్టాలి. ఫిర్యాదుతో పాటే ఈ దరఖాస్తు వేయండి.

అందువల్ల చెబుతున్నాను, ఆ ట్యాంకును ముట్టుకోకండి. ప్లంబరు చేత యాసిడ్ పోయించి గార కడిగించకండి, ఎలిమెంటు మార్పించకండి, 'తీసుకెళ్లి చూస్తాము' అని కంపెనీ మనిషి వస్తే రసీదు లేకుండా ఇవ్వకండి. లోపల అంటుకున్న ఆ తెల్లటి పొరే మీ సాక్ష్యం, వాళ్ల సాక్ష్యం కూడా. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ట్యాంకు మీది సీరియల్ నంబరు కనబడేలా నాలుగు వైపులా ఫోటోలు తీయండి. కుళాయి మూతి దగ్గర పేరుకున్న పొరను, పైపు ఏ లైను నుంచి వస్తోందో కూడా తీయండి. ఫోటోలు తీసిన ఫోను అమ్మేయకండి, మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయడం మంచిది. అప్పుడు ఆ ఫోనే కావాలి.

ఇక పాత తేదీ బిల్లు. ఆ దుకాణదారు మీకు మేలు చేయడం లేదు, మిమ్మల్ని జైలు గుమ్మం దాకా నడిపిస్తున్నాడు. కార్ట్‌రిడ్జి మీద తయారైన నెల, బ్యాచ్ నంబరు ముద్రించి ఉంటాయి. ఫలానా బ్యాచ్ ఎప్పుడు మార్కెట్‌లోకి వచ్చిందో కంపెనీకి ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మీరు 2024 మార్చిలో కొన్నానంటే, ఆ కార్ట్‌రిడ్జి 2025లో తయారైనదైతే అక్కడితో మీ కేసు ముగుస్తుంది, మీ మీద కేసు మొదలవుతుంది. వినియోగదారుల కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే చూస్తుంది. అందులో తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఫోర్జరీ సెక్షన్లు వేరు. జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పిన మీరు ఈ సలహాను వినడమే నాకు బాధగా ఉంది. కార్ట్‌రిడ్జి మార్చలేదని నిజం రాయండి. మార్చాలని ఎవరూ చెప్పలేదని, ఎన్ని నెలలకు మార్చాలో బిగించిన రోజు రాసివ్వలేదని కూడా రాయండి, అది నిజమైతే. నిజంలోని బలహీనతను వకీలు మోయగలడు. దొంగ బిల్లును ఎవరూ మోయలేరు.

గడువు గురించి మీరు నిర్లక్ష్యంగా ఉన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే గడువు. వారంటీ నిరాకరించిన 2024 అక్టోబరు 14 నుంచి లెక్కిస్తే 2026 అక్టోబరు 14తో అది ముగుస్తుంది. కంపెనీ వకీలు మాత్రం మొదట పాడైన 2024 జూన్ నుంచే లెక్క కడతారు. ఆ వాదనకే చోటు ఇవ్వకండి, 2026 జూన్ రాకముందే దాఖలు చేయండి. మీరు పంపిన మెయిళ్ల వల్ల గడువు ఒక్క రోజు కూడా పెరగదు. వాళ్లు 'పరిశీలిస్తున్నాము' అని జవాబిచ్చినా పెరగదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. కానీ గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, దానికి తగిన కారణం చూపాలి. మెయిళ్లు పెడుతూ కూర్చున్నాము అన్నది కారణం కింద రాదు.

బిల్లు అబ్బాయి పేరు మీద ఉందని భయపడకండి. కొన్నవారి అనుమతితో వస్తువును వాడేవారు కూడా వినియోగదారులేనని అదే చట్టం 2(7) సెక్షన్‌లో ఉంది. కార్డుతో డబ్బు కట్టిన స్టేట్‌మెంటు, తల్లి వాడుకోవడానికే కొన్నానని అబ్బాయి ప్రమాణపత్రం జతచేయండి. హైదరాబాద్‌లో కొన్నా హనుమకొండలో మీరు నివసిస్తున్నారు కాబట్టి మీ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి దాఖలు రుసుము లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ముందుగా లీగల్ నోటీసు ఇవ్వాలన్న నియమం కూడా లేదు, అయినా పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో ఒకటి పంపండి. కంపెనీని, అమ్మిన షోరూంను, సర్వీసు కేంద్రాన్ని ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరి మీద ఒకరు తోసేసుకునే అవకాశం వాళ్లకు ఉండకూడదు. వారంటీ పుస్తకం పోగొట్టుకోవడం మీ తప్పు. అదే మోడలు పుస్తకం కంపెనీ వెబ్‌సైటు నుంచి తీసి, మీకు ఇచ్చినది అదేనని నిరూపించే బాధ్యత వాళ్ల మీద పెట్టండి. మెకానిక్ కాగితం చదవకుండా సంతకం చేయడం అంతకంటే పెద్ద తప్పు. ఆ ప్రతి మీ దగ్గర లేకపోతే ఇప్పుడే మెయిల్ ద్వారా అడగండి.

చీటింగ్ కేసు గురించి ఒక్క మాట. మోసం చేయాలన్న ఉద్దేశం అమ్మిన నాటి నుంచే ఉందని చూపాలి. థర్మోస్టాట్ ఉచితంగా మార్చినవాళ్ల మీద అది చూపలేరు. స్టేషన్‌లో కాలం వృథా.

పది లక్షలు అడగడం వల్ల మీ కేసు పలచనవుతుంది, బరువు పెరగదు. వినియోగదారుల చట్టంలో, లోపమున్న వస్తువు చేసిన హానికి పరిహారం చెప్పే ఉత్పత్తి బాధ్యత అధ్యాయం చూసి మీ బంధువు ఎవరో ఈ అంకె చెప్పినట్టున్నారు. ఆ అధ్యాయం కింద 'హాని' అంటే యంత్రం తనకు తాను పాడవడం కాదు, దాని వల్ల మనిషికో వేరే ఆస్తికో జరిగిన నష్టం. మీ విషయంలో అడగదగింది: ట్యాంకును ఉచితంగా మార్చి ఇవ్వడం, అది సాధ్యం కాకపోతే ధర తిరిగి ఇవ్వడం, అక్టోబరు 14 నుంచి వడ్డీ, పరీక్ష రుసుము, కేసు ఖర్చు, వేదనకు ఒక సహేతుకమైన మొత్తం. కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపితే తోసిపుచ్చకండి. కొత్త ట్యాంకు పెట్టి, కార్ట్‌రిడ్జి ఖర్చు మీరు భరించేలా రాజీ వస్తే మీ కార్ట్‌రిడ్జి పొరపాటు దృష్ట్యా అది మంచి ఒప్పందమే. రాజీ పత్రంలో కొత్త ట్యాంకుకు వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో తప్పక రాయించండి. వాయిదాలకు వెళ్లలేకపోతే వీడియో ద్వారా హాజరయ్యే వీలు చట్టంలోనే ఉంది, అబ్బాయి కూడా అలా సాక్ష్యం చెప్పడానికి దరఖాస్తు చేయవచ్చు.

కొత్త ట్యాంకు వచ్చాక బోరు లైనుకు కలపనివ్వకండి, మున్సిపల్ నీళ్లు వచ్చే పైపుకే విడిగా కలిపించండి. వంటగది నీటి నమూనాను గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ నివేదిక ప్రతిని బిగించే మనిషి చేతికిచ్చి, రసీదు సంతకం తీసుకోండి. కార్ట్‌రిడ్జి మార్చిన ప్రతిసారీ పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి, బ్యాచ్ నంబరు కనబడేలా ఫోటో తీయండి. గార తీయడానికి పుస్తకం ఒప్పుకుంటే నిమ్మ ఉప్పు ద్రావణం చాలు, అది కూడా కరెంటు ఆపి, ట్యాంకు చల్లారాకే. బాత్రూంలు కడిగే యాసిడ్ పొరపాటున కూడా వద్దు. అందులోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలును తినేస్తుంది, ఆ తుప్పు గుర్తే రేపు వారంటీ నిరాకరించడానికి కంపెనీకి తిరుగులేని కారణమవుతుంది.