అమ్మ ఎముకల మాత్ర కాఫీతో వేసుకోవచ్చా? – సమాధానం

రాజోలు తమ్ముడూ, అమ్మగారు ఎముకలు గుల్లబారకుండా వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 మాత్ర ఆదివారం పొద్దున్నే కాఫీతో వేసుకుని మళ్లీ నడుం వాలుస్తున్నారని, గుండెల్లో మంటగా ఉంటోందని రాశావు. తప్పు ఆ రెండింట్లోనే ఉంది.

ఎముకకి గట్టిదనం ఇచ్చేది హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజం, అంటే కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ముద్ద. ఈ మందు కాల్షియం కనిపిస్తే వదలదు. ఎముకకి చేరి అతుక్కుంటే మంచిదే, ఎముకను కరిగించే కణాలు దాన్ని మింగి చతికిలబడతాయి. కానీ దారిలో పాల కాల్షియం తగిలితే పొట్టలోనే ముడిపడి బయటికి పోతుంది. వట్టి నీళ్లతో వేసుకున్నా ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు లోపే! పాలు లేని కాఫీ కూడా వద్దు.

పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. పడుకుంటే మందు అన్నవాహికలోకి ఎగదన్ని పుండు చేస్తుంది. మా అత్తగారైతే అమలాపురంలో కాలవ గట్టు అరుగు మీద కూర్చుని, గోడగడియారం వంకా నా చేతిలో కాఫీ గ్లాసు వంకా మార్చి మార్చి చూస్తారు. కాల్షియం మాత్ర మధ్యాహ్నం భోజనంతో ఇవ్వు.

మంట ఉంది కాబట్టి డాక్టరుకి చెప్పకుండా వచ్చే ఆదివారం మాత్ర వెయ్యకు. పన్ను పీకించాల్సొస్తే పళ్ల డాక్టరుకీ ఈ మందు సంగతి చెప్పు. మానేశాక కూడా చెప్పాలి, ఎందుకంటే మందు ఏళ్ల తరబడి ఎముకలోనే ఉంటుంది.