జపాన్ యానిమేషన్ అయిన ఆనిమేలో ఐర్లండ్ పురాణాల ప్రభావం పేర్లకే పరిమితమా?

కాదు. మంచి ఉదాహరణల్లో ఆ ప్రభావం పాత్రల తలరాత దాకా వెళ్లింది. ఐరిష్ వీరగాథల్లో ‘గెష్’ అనే కట్టుబాటు ఒకటి ఉంటుంది. దాన్ని మీరిన వీరుడికి పతనం తప్పదు. అల్‌స్టర్ గాథల కథానాయకుడైన కూ హులిన్ కుక్క మాంసం తినరాదన్న నియమాన్ని తప్పవలసి వచ్చి బలం కోల్పోయి, చివరికి ఒక రాతి స్తంభానికి తనను తాను కట్టుకుని నిలబడే ప్రాణం విడిచాడు. పూర్వకాలపు వీరులను మళ్లీ రప్పించి పోరాడించే ‘ఫేట్/స్టే నైట్’ కథలో లాన్సర్‌గా, అంటే ఈటె యోధుడిగా, కనిపించేది ఇతడే, చేతిలోని గే బోల్గ్ ఈటె కూడా పురాణంలోదే.

నా దృష్టిలో ఇంతకన్నా లోతైన వినియోగం అదే వరుసలో 2011లో మొదలైన ‘ఫేట్/జీరో’లో ఉంది. అందులో మళ్లీ రప్పించబడిన వీరుడు డియర్ముడ్. ఐరిష్ మూలకథలో అతడు, తన నాయకుడు ఫిన్‌కు నిశ్చయమైన వధువు గ్రాన్యా విధించిన గెష్‌కు కట్టుబడి ఆమెతో వెళ్లిపోతాడు. తరువాత అడవిపంది చేతిలో గాయపడినప్పుడు, కాపాడగల ఫిన్ తన దోసిట్లోని ప్రాణం నిలిపే నీటిని జారవిడుస్తాడు. ఈసారైనా ప్రభువుకు విశ్వాసంగా ఉండాలన్న అతని కోరికను ఆనిమే ఆ పాత గాయంలోంచే పుట్టించింది.

2010 నాటి ‘డ్యురరరా!!’ దారి వేరు. ఐరిష్ జానపద కథల్లో మరణాన్ని సూచించే తలలేని రౌతు డల్లహాన్ అందులో సెల్టీ అనే యువతిగా, పోయిన తన తలను వెతుక్కుంటూ ఐర్లండ్ నుంచి టోక్యోలోని ఇకెబుకురోకు వస్తుంది. గుర్రం మోటార్‌సైకిల్ రూపం దాలుస్తుంది.