పోపు ఏకాంత భేటీని విశ్వాసులు అనుమానించడం తప్పా?

2015 సెప్టెంబరులో దివంగత పోపు ఫ్రాన్సిస్ వాషింగ్టన్‌లో, స్వలింగ వివాహాలకు లైసెన్సులు నిరాకరించిన అమెరికా అధికారిణి కిమ్ డేవిస్‌ను ఏకాంతంగా కలిసిన తరువాత, అది ఆమెకు మద్దతు కాదంటూ వాటికన్ ఇచ్చిన వివరణను కతోలికులే నమ్మకపోవడం విశ్వాస లోపం కాదా అని మీరు అడిగారు. కాదని గట్టిగా చెబుతాను. గురువు (ఫాదర్) ఎవరినైనా కలవవచ్చు, కానీ కలిసిన సంగతి ముందుగా తన నోటితోనే చెప్పాలి.

కావలి వైపు సముద్రతీరంలోని మా విచారణలో (పారిష్‌లో) ఇలాంటిదే జరిగింది. రొయ్యల చెరువులు పెరిగి తాగునీటి బావుల్లోకి ఉప్పునీరు ఊరడం మొదలైనప్పుడు, తహసీల్దారు కార్యాలయం ముందు ధర్నాకు కూర్చున్నవారిలో ఎక్కువమంది మా గుడి కుటుంబాలవారే. ఆ రోజుల్లోనే ఒక రాత్రి చెరువుల యజమాని గురువుగారి బంగళాకు వచ్చి చాలాసేపు కూర్చొని వెళ్లాడు. ఆదివారం పూజ ముగిశాక గురువుగారు పండుగ చందాల గురించి, జపమాల ప్రార్థనల గురించి ప్రకటనలు చదివారే తప్ప ఆ రాకను గురించి ఒక్క మాట అనలేదు. కొద్దిరోజులకే ఇద్దరూ పక్కపక్కన నిలుచున్న ఫోటో వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. స్వామివారు తమవైపే ఉన్నారని యజమాని మనుషులు ధర్నా పందిరి దగ్గరికే వచ్చి చెప్పారు. అప్పుడు ఒక ముసలమ్మ పూజ అయిన వెంటనే అందరి ఎదుట లేచి, "స్వామీ, ఆయన మీ దగ్గరకి ఎందుకొచ్చినాడో మాకు చెప్పబళ్లేదా?" అని అడిగింది. జబ్బుపడిన తల్లి కోసం ప్రార్థించమని అడగడానికి వచ్చాడనీ, చెరువుల ప్రస్తావనే రాలేదనీ గురువుగారు బదులిచ్చారు. అది నిజమేనని నేను ఈనాటికీ నమ్ముతాను. కానీ అప్పటికే కొన్ని కుటుంబాలు పందిరి వదిలి ఇళ్లకు వెళ్లిపోయాయి, మళ్లీ రాలేదు.

కిమ్ డేవిస్ విషయంలోనూ వరుస అదే. కెంటకీ రాష్ట్రంలోని రోవన్ కౌంటీ క్లర్కుగా ఆమె స్వలింగ వివాహాలకు లైసెన్సులు ఇవ్వనని నిరాకరించి, న్యాయస్థాన ధిక్కారం కింద 5 రోజులు జైలులో ఉండి వచ్చారు. సెప్టెంబరు 24న వాటికన్ రాయబార కార్యాలయంలో పోపును కలిశారు. ఆ వార్తను పోపు రోముకు తిరిగి వెళ్లిన తరువాత బయటపెట్టింది ఆమె తరఫు న్యాయవాదులు. ధైర్యంగా ఉండమని పోపు చెప్పారన్న ఆమె మాట ప్రపంచమంతా వ్యాపిస్తుండగా, వాటికన్ ప్రతినిధి ఫెదెరికో లొంబార్డి మొదట భేటీని కాదనలేదు, అంతకు మించి ఏమీ చెప్పనూ లేదు. అక్టోబరు 2న మాత్రం, ఆ భేటీని ఆమె వైఖరికి మద్దతుగా భావించరాదనీ, అక్కడ పోపు ఇచ్చిన అసలైన దర్శనం తన పూర్వ విద్యార్థి కుటుంబానికేననీ ప్రకటించారు. ఆ విద్యార్థి యాయో గ్రాసి తన పురుష సహచరునితో కలిసి వచ్చినవాడని అదే రోజు తెలిసింది. ఇన్ని మలుపులు తిరిగాక వచ్చిన వివరణను జనం రెండుసార్లు తరచి చూడకుండా ఎలా ఉంటారు?

మన జిల్లాలలో ఎన్నికల ముందు నాయకులు పీఠాధిపతుల (బిషప్పుల) నివాసాలకూ గురువుల బంగళాలకూ వచ్చి ఫోటోలు దిగి వెళ్లడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. వారు ఆశీర్వాదం కోసం వచ్చామంటారు, సాయంత్రానికి ఆ ఫోటో ప్రచారంలో ఉంటుంది. లోపల ఏమి మాట్లాడుకున్నారో విచారణ పెద్దలకు కూడా తెలియదు. అడిగినవారిని అవిశ్వాసులుగా చూడడం అంతకన్నా అన్యాయం.

కిమ్ డేవిస్‌తో ఆ భేటీని ఏర్పాటు చేసిన, అమెరికాలో అప్పటి వాటికన్ రాయబారి ఆర్చిబిషప్ కార్లో మరియా విగానో, ముందురోజే పోపుకు అన్నీ వివరించి అనుమతి తీసుకున్నానని 2018లో రాశారు. తరువాత పోపు అధికారాన్నే నిరాకరించి 2024లో వెలివేతకు గురైన ఆయన మాటను యథాతథంగా స్వీకరించమని నేను అనను. అయితే 2015లో పోపు అమెరికా గడ్డ మీద ఉండగానే వాటికన్ ఒక చిన్న ప్రకటన ఇచ్చి ఉంటే, మూడేళ్ల తరువాత ఆయన చెప్పిన మాటకు అంత బలం వచ్చేది కాదు.