టెక్ సందేహాలు: డిస్‌ప్లే తెరుచుకోలేదని తలుపులన్నీ తీసేస్తే ఎలాగండి?

"కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే" అని వస్తోంది ఏం చెయ్యాలి అని అడిగేవాళ్ళు తగ్గట్లేదు. లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే ఎక్స్ సర్వర్ అన్న ప్రోగ్రామ్‌కి మీ ప్రోగ్రామ్ కనెక్ట్ కాలేకపోయిందని దానర్థం. ఇంతకుముందు రాశాను, మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు మెయిల్ పెడుతున్నవాళ్ళలో చాలామంది ఆ ఎర్రర్‌ని ఇప్పటికే తమకు తోచినట్టు సరిచేసుకుని వేరే ఏదో సందేహంతో వస్తున్నారు, ఆ సరిచేసుకున్న తీరు చూస్తేనే నాకు గుండె ఝల్లుమంటోంది.

సందేహం: లినక్స్ డెస్క్‌టాప్‌లో రూట్‌గా (అన్ని అధికారాలూ ఉండే అడ్మిన్ యూజర్‌గా) మారి గ్రాఫికల్ ఎడిటర్ తెరుద్దామంటే డిస్‌ప్లే ఓపెన్ కాలేదు. వెతికితే ఎక్స్‌హోస్ట్ ప్లస్ (xhost +) అన్న కమాండ్ కొట్టమన్నారు, కొట్టాను, పనిచేసింది. రోజూ కొట్టడం విసుగని లాగిన్ స్క్రిప్టులో పెట్టేశాను. కానీ లాగిన్ అయిన ప్రతిసారీ దాని లైన్ ఒకటి లాగ్‌లో పడుతోంది, అది రాకుండా చెయ్యడం ఎలా?

ఆ లైన్ ఏంటో ఒక్కసారైనా చదివారా? "యాక్సెస్ కంట్రోల్ డిసేబుల్డ్, క్లయింట్స్ కెన్ కనెక్ట్ ఫ్రమ్ ఎనీ హోస్ట్". అంటే ఎవరు ఎక్కడి నుంచి వచ్చినా నీ స్క్రీన్‌కి కనెక్ట్ అవ్వొచ్చు, కాపలా తీసేశాను అని ఆ ప్రోగ్రామ్ మీకు రోజూ చెప్తోంది. దాన్ని దాచెయ్యడం ఎలాగో నేను చెప్పను, ఆ ఎక్స్‌హోస్ట్ లైన్‌ని స్క్రిప్టులోంచి తీసెయ్యండి, తీసేసి ఎక్స్‌హోస్ట్ మైనస్ కొట్టండి, ఆ తర్వాత మిగతాది చదవండి.

అసలు కాపలా ఏంటంటే, మీరు లాగిన్ అయినప్పుడు మీ పేరు మీద ఒక కుకీ తయారవుతుంది, 128 బిట్ల రహస్యం, 32 హెక్స్ అంకెలు. అది మీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌అథారిటీ ఫైల్లోనో, లాగిన్ మేనేజర్ పెట్టుకున్న ఇంకో చోటో ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ అయినా విండో తెరవాలంటే ముందు ఆ కుకీ చూపించాలి. మీరు రూట్‌గా మారేసరికి రూట్ దగ్గర ఆ కుకీ లేదు, అందుకే లోపలికి రానివ్వలేదు, అంటే అది చెడిపోలేదు, దాని పని అది సరిగ్గా చేసింది. ఎక్స్‌హోస్ట్ ప్లస్ అంటే ఇక కుకీ అడగొద్దు, వచ్చినవాళ్ళందర్నీ రానివ్వు అని.

వస్తే ఏమవుతుంది, ఒక విండో తెరుచుకుంటుంది అంతేగా అని ఇంకొకరు రాశారు. అంతే కాదండి. ఎక్స్11 సెషన్ వాడుతున్నవాళ్ళు ఈ పని చేసి చూడండి, రెండు నిమిషాలు పట్టదు. రెండు టెర్మినల్స్ పక్కపక్కన తెరవండి. మొదటి దాంట్లో ఎక్స్ఇన్‌పుట్ లిస్ట్ అని కొడితే కీబోర్డులు, మౌసులు వాటి ఐడీ నంబర్లతో సహా వస్తాయి. మీ కీబోర్డు నంబర్ చూసుకుని ఎక్స్ఇన్‌పుట్ టెస్ట్ అని ఆ నంబర్ ఇవ్వండి. ఇప్పుడు రెండో టెర్మినల్‌లోకి వెళ్ళి సుడో (రూట్ అధికారంతో నడిపే కమాండ్) పెట్టి ఏదైనా కమాండ్ కొట్టి పాస్‌వర్డ్ టైప్ చెయ్యండి. మీరు టైప్ చేస్తున్న చోట చుక్క కూడా పడదు, కానీ పక్క టెర్మినల్ చూడండి, కీ ప్రెస్ 33, కీ రిలీజ్ 33, కీ ప్రెస్ 38, కీ రిలీజ్ 38, కీ ప్రెస్ 39... అని వరసగా పడుతూ ఉంటాయి. మామూలు పీసీ కీబోర్డు మీద 33 అంటే పీ, 38 అంటే ఏ, 39 అంటే ఎస్. మీ పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా అక్కడ ఉంది. దానికి రూట్ అనుమతి అక్కర్లేదు, హ్యాకింగ్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, డిస్‌ప్లేకి కనెక్ట్ అవ్వగలిగితే చాలు. కనెక్ట్ అయిన ప్రోగ్రామ్ మీ స్క్రీన్ మొత్తం బొమ్మ తీసుకోవచ్చు, మీ తరఫున కీలు కూడా నొక్కొచ్చు, తెరిచి ఉన్న టెర్మినల్‌లో కమాండ్ టైప్ చేసి ఎంటర్ కొట్టొచ్చు.

ఇలా ఎందుకు ఉందంటే, ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో పుట్టింది, ఇప్పటికీ నడుస్తున్న 11వ వెర్షన్ 1987లో వచ్చింది. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళు దాదాపు ఒకరికొకరు తెలిసినవాళ్ళే, ఒక మెషిన్ మీద నడిచే ప్రోగ్రామ్ ఇంకో మెషిన్ తెర మీద కనపడటమే పెద్ద సౌకర్యం, ఆ పని అద్భుతంగా చేశారు కూడా. కానీ లోపలికి వచ్చిన ప్రోగ్రామ్‌ల మధ్య గోడలు కట్టలేదు. అది వాళ్ళకీ తెలుసు, అందుకే పాత ఎక్స్‌టర్మ్ మెనూలో సెక్యూర్ కీబోర్డ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, పాస్‌వర్డ్ టైప్ చేసే ముందు నొక్కితే కీబోర్డ్‌ని ఆ ఒక్క విండో పట్టుకుంటుంది, పట్టుకున్నట్టు తెలియడానికి విండో రంగులు తిరగబడతాయి. లోపల గోడలు లేవు కాబట్టే వీధి తలుపు అంత ముఖ్యం. మీరు తీసేసింది ఆ వీధి తలుపునే.

ఇక మీ అసలు పనికి వస్తే, రూట్ ఫైల్ ఎడిట్ చెయ్యడానికి ఎడిటర్ మొత్తాన్ని రూట్‌గా నడపక్కర్లేదు. సుడోఎడిట్ అని ఉంది, ఫైల్ కాపీని మీ పేరు మీద తెరిచి, సేవ్ చేసి బయటికి వచ్చాక అసలు చోట పెడుతుంది. ఎడిటర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మీకు నచ్చిన గ్రాఫికల్ ఎడిటర్ పెట్టుకోవచ్చు, మూసేదాకా ఆగే ఆప్షన్‌తో. తప్పనిసరిగా ఏదో ఒక ప్రోగ్రామ్‌ని రూట్‌గానే తెరవాలంటే ఎక్స్‌హోస్ట్‌కే ప్లస్ తర్వాత ఎస్ఐ కోలన్ లోకల్‌యూజర్ కోలన్ రూట్ అని ఇస్తే ఆ ఒక్కరికే అనుమతి, పనయ్యాక ప్లస్ బదులు మైనస్ పెట్టి అదే లైన్ కొట్టండి.

సందేహం: విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వేసి లినక్స్ ప్రోగ్రామ్‌ల కోసం విడిగా ఒక ఎక్స్ సర్వర్ ఇన్‌స్టాల్ చేశాను. డిసేబుల్ యాక్సెస్ కంట్రోల్ అన్న టిక్ పెడితేనే విండోలు వస్తున్నాయి. మూడు నెలలుగా బాగానే ఉంది, కానీ లాప్‌టాప్ వేరే వైఫైకి మార్చినప్పుడు ఒక్కోసారి విండోలు రావట్లేదు, శాశ్వతంగా పరిష్కారం చెప్పండి.

ఇది పై సందేహం కంటే ఎక్కువ భయపెట్టేది. లినక్స్‌లో అయితే 2015లో వచ్చిన ఎక్స్ సర్వర్ 1.17 నుంచి నెట్‌వర్క్ మీద వినడం డీఫాల్ట్‌గా ఆపేశారు, కాబట్టి పై పాఠకుడి తప్పు ఎక్కువలో ఎక్కువ అదే మెషిన్‌లోని మిగతా యూజర్లకీ ప్రోగ్రామ్‌లకీ తలుపు తీసింది. మీ సంగతి వేరు. డబ్ల్యూఎస్ఎల్ 2 ఒక వర్చువల్ మెషిన్, అది మీ విండోస్‌తో నెట్‌వర్క్ మీదే మాట్లాడాలి, అందుకని మీ ఎక్స్ సర్వర్ 6000 పోర్టు తెరిచి కూర్చుంది, ఫైర్‌వాల్ అడిగినప్పుడు మీరు పబ్లిక్ నెట్‌వర్క్‌కి కూడా సరే అని నొక్కి ఉంటారు, పైన ఆ టిక్ ఒకటి. ఈ మూడూ కలిస్తే మీరు కూర్చున్న వైఫైలో ఉన్నవాళ్ళలో ఎవరైనా సరే మీ ఎక్స్ విండోల్లో ఏం టైప్ చేస్తున్నారో చూడొచ్చు. లాప్‌టాప్ ఎన్ని చోట్లకి తిరిగిందో మీకే తెలుసు.

శాశ్వత పరిష్కారం అడిగారు కాబట్టి, ఆ విడి సర్వర్ మీకు ఇక అక్కర్లేదు. డబ్ల్యూఎస్ఎల్‌లోనే గ్రాఫిక్స్ చూపించే ఏర్పాటు ఇప్పుడు కలిపే వస్తుంది, డబ్ల్యూఎస్ఎల్ అప్‌డేట్ చేసి ఒకసారి షట్‌డౌన్ చేసి మళ్ళీ తెరవండి. అయినా విండో రాకపోతే టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే మీ బ్యాష్‌ఆర్‌సీ ఫైల్ చూడండి, పాత గైడ్ చూసి పెట్టిన ఎక్స్‌పోర్ట్ డిస్‌ప్లే లైన్ ఇంకా అక్కడే ఉండి అడ్డం పడుతూ ఉంటుంది, దాన్ని తీసెయ్యండి. విడి సర్వర్ అన్‌ఇన్‌స్టాల్ చేశాక ఫైర్‌వాల్ రూల్స్‌లోకి వెళ్ళి దాని పేరు మీద ఉన్నవి కూడా చేత్తో తుడిచెయ్యండి, చాలాసార్లు అవి మిగిలిపోతాయి. ఈ మూడు నెలల్లో ఆ విండోల్లో టైప్ చేసిన పాస్‌వర్డ్‌లు మార్చుకోండి, ఇది అతి జాగ్రత్త అనిపించినా సరే మార్చుకోండి.

ఇలాంటి గైడ్లు రాసేవాళ్ళ మీద నాకు కోపం ఉంది, చెప్పేస్తాను. "ఎర్రర్ వస్తే ఇది కొట్టండి" అని ఒక లైన్ రాసి, అది ఏం తీసేస్తుందో రాయరు, పనయ్యాక మళ్ళీ ఎలా పెట్టాలో అసలే రాయరు. కంటైనర్లలో గ్రాఫికల్ ప్రోగ్రామ్ నడపడానికి చెప్పే చిట్కాల్లో కూడా ఇదే, ఎక్స్ సాకెట్ ఫోల్డర్‌ని లోపలికి మౌంట్ చెయ్యండి, ఎక్స్‌హోస్ట్ ప్లస్ కొట్టండి అని. కంటైనర్ పెట్టుకున్నదే నమ్మకం లేని ప్రోగ్రామ్‌ని వేరుగా ఉంచడానికి కదా, దానికే కీబోర్డ్ అప్పగిస్తే ఇంక వేరుగా ఉంచింది ఏంటి? నేను ఒకసారి ఒక ల్యాబ్‌లో నలుగురైదుగురు కలిసి వాడుకునే మెషిన్ చూశాను, ఎక్స్‌హోస్ట్ ప్లస్ స్టార్టప్ ఫైల్లో కూర్చుని ఉంది, ఎవరు పెట్టారో అక్కడున్న ఎవరికీ తెలీదు, తీసేస్తే ఏమైనా ఆగిపోతుందేమో అని ఎవరూ ముట్టుకోలేదు. తీసేశాం. ఏదీ ఆగలేదు.

సందేహం: ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న మెషిన్‌లోకి ఎన్‌క్రిప్షన్‌తో లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) పెద్ద ఎక్స్ ఆప్షన్ (-X) ఇచ్చి సర్వర్‌లోకి వెళ్తున్నా. మొదట ప్రోగ్రామ్‌లు బాగానే తెరుచుకుంటున్నాయి, కాసేపయ్యాక అదే టెర్మినల్ నుంచి కొత్త విండో తెరిస్తే కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే. లాగౌట్ అయి మళ్ళీ వస్తే ఓకే.

గడియారం చూశారా? 20 నిమిషాలు. పెద్ద ఎక్స్ ఆప్షన్ అవతలి ప్రోగ్రామ్‌లని నమ్మకుండా, కొన్ని అధికారాలు కోసేసిన తాత్కాలిక కుకీ ఇస్తుంది, దానికి డీఫాల్ట్ గడువు 20 నిమిషాలు, ఆ తర్వాత కొత్త కనెక్షన్లు తీసుకోదు. మీ ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఫార్వర్డ్ఎక్స్11టైమౌట్ అని పెట్టి గడువు పెంచుకోండి. అందరూ చెప్పే మందు పెద్ద వై ఆప్షన్ (-Y), దానికి గడువు గొడవ లేదు, నిజమే, కానీ వై అంటే అవతలి ప్రోగ్రామ్‌లని పూర్తిగా నమ్ముతున్నాను అని, ఆ సర్వర్‌లో రూట్ ఉన్నవాళ్ళకి మీ ఇంటి డెస్క్‌టాప్ కీబోర్డ్ వినపడుతుంది. మీ సొంత సర్వర్ అయితే వాడుకోండి. డెబియన్, ఉబుంటుల్లో మాత్రం పెద్ద ఎక్స్ ఇచ్చినా డీఫాల్ట్‌గా వై లాగే నడుస్తుంది, ఆ సంగతి చాలామందికి తెలీదు, ఫార్వర్డ్ఎక్స్11ట్రస్టెడ్‌ని నో అని మీరే మార్చుకోవాలి.

అన్నట్టు డిస్‌ప్లే వేరియబుల్‌ని చేత్తో సెట్ చెయ్యకండి. ఎస్ఎస్‌హెచ్ దానంతట అదే లోకల్‌హోస్ట్ 10.0 లాంటిది పెడుతుంది. మీరు దాన్ని తీసేసి మీ ఐపీ అడ్రస్ పెడితే, ఒకవేళ పనిచేసినా సరే, ఎన్‌క్రిప్షన్ లేకుండా నేరుగా వెళ్తుంది. వేరియబుల్ ఖాళీగా ఉంటే అవతలి సర్వర్‌లో కుకీలు చూసుకునే ఎక్స్‌ఆథ్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి, ఎక్కువసార్లు అదే లేకపోవడం, కాకపోతే అక్కడి ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ఎక్స్11ఫార్వర్డింగ్ నో అని ఉండటం.

సందేహం: పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా లాగిన్ స్క్రీన్ మళ్ళీ మళ్ళీ వస్తోంది.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ లాగిన్‌లోకి వెళ్ళండి. ముందు డిస్క్ నిండిందేమో చూడండి, కుకీ రాయడానికి చోటు లేకపోయినా ఇలాగే అవుతుంది. తర్వాత హోమ్‌లో ఎక్స్‌అథారిటీ ఫైల్ ఎవరి పేరు మీద ఉందో చూడండి, రూట్ అని ఉంటే మీరెప్పుడో సుడో పెట్టి స్టార్ట్‌ఎక్స్ (ఎక్స్ మొదలుపెట్టే కమాండ్) లాంటిది కొట్టి ఉంటారు. ఓనర్‌ని మీ పేరుకి మార్చుకోండి, సరిపోతుంది. ఓఎస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యకండి దయచేసి.

సందేహం: అప్‌డేట్ అయ్యాక మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తే అవతలివాళ్ళకి నల్లగా కనపడుతోందట. ఆటోమేషన్ స్క్రిప్టులు కూడా ఆగిపోయాయి. పాత వెర్షన్‌కి పోవాలా?

మీ సెషన్ ఎక్స్ నుంచి, దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌కి మారింది. ఎక్స్‌డీజీ సెషన్ టైప్ వేరియబుల్ ఎకో చేసి చూడండి, వేలాండ్ అని వస్తుంది. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన పని ఇది, పైన చెప్పానే గోడలు లేవని, ఇందులో ఆ గోడలు ఉన్నాయి, ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని కీలు వినలేదు, స్క్రీన్ తీసుకోవాలంటే మిమ్మల్ని అడగాలి. ఆ అడిగే పని ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్, బొమ్మ అందించే పని పైప్‌వైర్ అన్న ప్యాకేజీలు చేస్తాయి, మీ డెస్క్‌టాప్‌కి సరిపడే పోర్టల్ ఉందో లేదో చూసి లేకపోతే వేసుకోండి, మీటింగ్ ప్రోగ్రామ్‌ని కూడా అప్‌డేట్ చెయ్యండి. అన్ని ప్రోగ్రామ్‌ల మీదా కీలు నొక్కే మీ పాత స్క్రిప్టులు మాత్రం అలాగే నడవవు, అవి ఆగడమే ఈ మార్పు ఉద్దేశం. ఎక్స్ఇన్‌పుట్ పరీక్ష ఈ సెషన్‌లో మళ్ళీ చేసి చూడండి, పాత తరహా ఎక్స్ ప్రోగ్రామ్‌ల్లో టైప్ చేసినవే కనపడతాయి, మిగతావి కనపడవు.

నాకు కోపం తెప్పించేది మార్పు కాదు, దాన్ని చెప్పకుండా చెయ్యడం. రాత్రి అప్‌డేట్, పొద్దున వేరే సెషన్, లాగిన్ స్క్రీన్ మూలన ఒక చిన్న గేర్ గుర్తు, అందులో రెండు పేర్లు, ఏది ఏంటో ఒక్క ముక్క ఉండదు. "కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే" కూడా అదే జబ్బు. వేరియబుల్ ఖాళీగా ఉన్నా అదే మాట, కుకీ లేకపోయినా అదే మాట, గడువు అయిపోయినా అదే మాట, ఎక్స్ సర్వరే నడవకపోయినా అదే మాట. లోపల కారణం తెలుసు, కుకీ తేడా అయితే ముందు లైన్‌లో ఆథరైజేషన్ గురించి ఏదో అంటుంది కూడా, కానీ జనం ఆఖరి లైన్ ఒక్కటే కాపీ చేసి వెతుకుతారు, వెతికితే ఎక్స్‌హోస్ట్ ప్లస్ దొరుకుతుంది. కాబట్టి నాకు మెయిల్ పెట్టేటప్పుడు ఆఖరి లైన్ ఒక్కటే కాకుండా పైన వచ్చిందంతా పంపండి, ఎకో డిస్‌ప్లే కొడితే ఏం వచ్చిందో, ఎక్స్‌హోస్ట్ అని ఊరికే కొడితే ఏం వచ్చిందో కూడా పంపండి. డిసేబుల్డ్ అని వస్తే నాకు రాసే ముందే మైనస్ కొట్టెయ్యండి.