కొసరు సంగతి తర్వాత, ముందు కాటా చూడు

కావలి

చిట్టితల్లికి,

నీ మెసేజ్ చూశాను. వచ్చే నెల ఆస్ట్రేలియాలోనే కొత్త అద్దెయింట్లోకి మారుతున్నారని, కరెంటూ గ్యాసూ ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలో తేలక నువ్వూ అల్లుడూ రెండు రోజులుగా వాదించుకుంటున్నారని రాశావు. ఒక కంపెనీ వాళ్లు చేరితే చాలు, సరుకులకో విమాన టికెట్టుకో వాడుకునే పాయింట్లు 20 వేలు ఇస్తామంటున్నారట. "పెద్దమ్మా, నువ్వు కరెంటాఫీసులో చేశావు కదా, చెప్పు" అన్నావు. నేను చేసింది రెవెన్యూ సెక్షన్‌లో బిల్లులు చూసే పని. అయినా మీ అన్నయ్య దగ్గర మెల్‌బోర్న్‌లో రెండు చలికాలాలు ఉండొచ్చాను, ఈ పాయింట్లతోనే ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. ఆ ధైర్యంతో చెబుతున్నా. ఫోన్లో అంకెలు చెబితే నీకు గుర్తుండవు, అందుకే రాస్తున్నా.

మనకిక్కడ ఈ తలనొప్పి లేదు. నెల్లూరు జిల్లాకి తిరుపతి కంపెనీ, ఒంగోలు వైపు 2020 నుంచి విజయవాడ కంపెనీ. మా ఇంటికి ఫలానా వాళ్ల కరెంటు కావాలి అని అడగడానికే లేదు. రేటు కూడా నియంత్రణ మండలి ఎంత అంటే అంత. అందుకే మనవాళ్లు అక్కడికొచ్చి "మీకు నచ్చిన కంపెనీ ఎంచుకోండి" అనగానే తబ్బిబ్బవుతారు. ఒక్కటి గుర్తుపెట్టుకో. కంపెనీ మారినా మీ ఇంటికొచ్చే తీగ మారదు, మీటరు మారదు, వోల్టేజీ మారదు. కరెంటు పోతే బాగుచేసేది ఆ ఏరియా తీగలు చూసే వేరే సంస్థే. మారేది బిల్లు పంపేవాడు, వాడు వేసే రేటు. అంటే నువ్వు కొనేది రేటునే, ఇంకేం లేదు.

నా కథ విను. మొదటిసారి వచ్చిన ఏడు, జూన్ నెల, అక్కడ అది చలికాలం. బుడ్డోణ్ణి తీసుకుని షాపింగ్ సెంటర్‌కి వెళ్లాం. దారిలో ఒక బల్ల, బెలూన్లు, టై కట్టుకున్న కుర్రాడు. బుడ్డోడికి నీలం బెలూన్ ఇచ్చాడు, మీ అన్నయ్య చేతికి ట్యాబ్ ఇచ్చాడు. పది నిమిషాల్లో కరెంటు కంపెనీ మారిపోయింది. చేరినందుకు 15 వేల పాయింట్లు. నేను పక్కనే నిలబడి "బాగుందిరా" అన్నాను. సర్వీసంతా బిల్లులు చూసినదాన్ని, యూనిట్ ఎంత అని ఒక్క మాట అడగలేదు.

పాయింట్లు ఇచ్చారు, అందులో మోసం లేదు. మూడో నెలలో పడ్డాయి. వాటితో 75 డాలర్ల సరుకులు తెచ్చుకున్నాం, బియ్యం, నూనె, బుడ్డోడి డైపర్లు. ఆ వారంలోనే బిల్లొచ్చింది. చలికాలం కదా, హీటర్ వాడాం కదా అని మీ అన్నయ్య సర్దుకున్నాడు. నాకు మనసొప్పలేదు. రాత్రి అందరూ పడుకున్నాక పాత బిల్లూ కొత్త బిల్లూ వంటింటి బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నా. యూనిట్లు దాదాపు అంతే. పైనెక్కడో 'డైలీ సప్లై చార్జ్' అని ఒక వరస ఉంది. దీపం వేసినా వేయకపోయినా రోజుకి ఇంత అని. అది పాతదానికంటే రోజుకి 22 సెంట్లు ఎక్కువ. 22 సెంట్లే కదా అనిపిస్తుంది. ఏడాదికి 80 డాలర్లు. మా 75 డాలర్ల సరుకులు ఆ వరసలోనే కొట్టుకుపోయాయి, యూనిట్ రేటులో పోయింది వేరే.

మీ అమ్మమ్మ గుర్తుంది కదా. మార్కెట్లో కూరగాయలామె కొసరుగా కరివేపాకు వేస్తే సంచిలో వేసుకునేది, కానీ కళ్లు మాత్రం కాటా మీదే. నేనా రోజు కరివేపాకు చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు నీ లెక్క. పాయింట్లని డాలర్లలోకి మార్చు. సూపర్‌మార్కెట్ల పాయింట్ల కార్డులు ఫ్లైబైస్ అయినా ఎవ్రీడే రివార్డ్స్ అయినా 2,000 పాయింట్లకి 10 డాలర్లు. పాయింటంటే అర సెంటు. 20 వేలు వినడానికి లక్షాధికారి మాటలా ఉంటుంది, తీరా చూస్తే 100 డాలర్లు. బిల్లులో ప్రతి డాలర్‌కీ ఒక పాయింటు అంటారు, అది అర శాతం డిస్కౌంట్. ఏడాదికి 1,500 డాలర్ల బిల్లు కడితే వచ్చేది ఏడున్నర డాలర్లు. కాఫీ తాగి, ఇంకో బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కోవచ్చు.

రేట్లు నువ్వు రాయలేదు కాబట్టి నేనే వేసుకుంటున్నా. పాయింట్లిచ్చే ప్లాన్‌లో యూనిట్ 30 సెంట్లు, రోజు చార్జీ 110 సెంట్లు. ఏమీ ఇవ్వని ప్లాన్‌లో 26, 95. మీరు రోజుకి 12 యూనిట్లు వాడితే ఏడాదికి 4,380. యూనిట్ల మీద తేడా 175 డాలర్లు, రోజు చార్జీ మీద 55. మొత్తం 230. నీకొచ్చిన కొసరు 100 తీసేస్తే 130 నీ చేతినుంచి పోయింది. పైగా ఆ 100 మొదటి ఏడే, రెండో ఏడు 230కి 230 పోతుంది. నీ అసలు రేట్లు వేసి ఈ లెక్కే మళ్లీ చెయ్యి. నాలుగు వరసల పని, అల్లుడు ఎక్సెల్ తెరవక్కర్లేదు.

వాడకం ఎంతో తెలియాలంటే పాత ఇంటివి ఏడాది బిల్లులన్నీ తియ్యి. చలికాలపు బిల్లు ఒక్కటి చూస్తే లెక్క తప్పుతుంది. రేట్లలో టైమ్ ఆఫ్ యూజ్, అంటే వేళని బట్టి మారే రేటు, ఉందేమో కూడా చూడు. మీ విక్టోరియా రాష్ట్రంలో అయితే సాధారణంగా సాయంత్రం నుంచి రాత్రి 9 దాకా ఎక్కువ రేటు. ఇద్దరూ ఆఫీసు నుంచి వచ్చి వంట, బట్టలు, హీటరు అన్నీ ఆ వేళలోనే కదా పెట్టేది.

రేట్లు పోల్చడానికి విక్టోరియన్ ఎనర్జీ కంపేర్ అనే ప్రభుత్వ సైటు ఉంది, అందులో చూడు. ప్రైవేటు పోలిక సైట్లు చాలావరకు కంపెనీల దగ్గర కమిషన్ తీసుకుంటాయి, అన్ని ప్లాన్లూ చూపించవు. ప్రకటనలో 'ఇంత శాతం తక్కువ' అని ఉంటే అది విక్టోరియన్ డిఫాల్ట్ ఆఫర్‌తో పోల్చి చెప్పేది. 2019 జులై నుంచి అక్కడి ప్రభుత్వ నియంత్రణ కమిషన్ నిర్ణయిస్తున్న ప్రామాణిక రేటు అది. దానికంటే కిందికి ఎంత దిగారన్నది పనికొచ్చే అంకె.

అల్లుడు విమానం పాయింట్లంటున్నాడని రాశావు, చెన్నై టికెట్టు వస్తుందని ఆశ. వాటికి అర సెంటు లాంటి ఒకే ధర ఉండదు. మంచి సీటు దొరికితే విలువ, అవే పాయింట్లతో మిక్సీ కొనుక్కుంటే అందులో సగం కూడా రాదు. టికెట్టుకి పాయింట్లు పోను పన్నులూ చార్జీలూ డబ్బుగా కట్టాలి. మీకు సెలవులొచ్చేది సంక్రాంతి రోజుల్లో, ఊరెళ్లే వాళ్లందరికీ ఆ సీట్లే కావాలి. క్వాంటస్ విమాన కంపెనీ పాయింట్లయితే 18 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే మొత్తం పోతాయి. ఇప్పటికే ఆ కార్డులో తగినన్ని ఉండి, ఇంకో 20 వేలతో టికెట్టు పూర్తయ్యేట్టుంటే అప్పుడు అల్లుడి మాటే విను. లేకపోతే డబ్బులే నయం.

నేను పాయింట్లకి శత్రువునేం కాదు. రెండు ప్లాన్ల మధ్య ఏడాదికి పాతిక డాలర్లే తేడా ఉంటే హాయిగా పాయింట్లది తీసుకో. అయితే ముందే అడిగి రాయించుకో: పాయింట్లు ఎన్నో రోజున పడతాయి, అంతలోపు మానేస్తే పోతాయా, గ్యాసు కూడా వాళ్ల దగ్గరే తీసుకుంటేనా, కార్డు నంబరు చేరేటప్పుడే ఇవ్వాలా. ఆ గ్యాసు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. కరెంటు రేటు చవగ్గా చూపించి, చలికాలంలో ఎక్కువ వాడే గ్యాసు మీద లాగేస్తారు. గ్యాసుకి యూనిట్ల బదులు మెగాజౌల్ లెక్క, దానికీ రోజు చార్జీ విడిగా ఉంటుంది. రెండూ వేరే వేరే కాగితం మీద వెయ్యి.

సంతకం చేశాక మనసు మారితే 10 పనిదినాల లోపు ఊరికే వెనక్కి తీసుకోవచ్చు. మీ అన్నయ్యకి ఆ సంగతి తెలిసేసరికి పన్నెండో రోజు.

చేరాక కూడా బిల్లు చదువు. మీ కంపెనీలోనే మీకు ఇంతకంటే చవక ప్లాన్ ఉంటే ఆ మాట బిల్లు మీద వెయ్యాలని అక్కడ నిబంధన. డబ్బులు ఆటోమేటిక్‌గా కట్ అవుతుంటే ఎవరూ ఆ వరస దాకా పోరు.

ఇప్పుడున్న ఇంటి బిల్లు రెండో పేజీ, ఆ కంపెనీ వాళ్ల రేట్ల కాగితం ఫొటోలు తీసి పంపు. మసకగా కాకుండా తియ్యి, నా కళ్లద్దాలు మార్చాలి. ఆదివారం పొద్దున మాకు లైన్ పనులని కరెంటు తీసేస్తారట, సాయంత్రం ఫోన్ చెయ్యి, లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.

పెద్దమ్మ