400 కేజీల జీడిపప్పు 11.34 కేజీల టిన్నుల్లో నింపితే ఎంత మిగులుతుందో ఎక్సెల్ లాంటి షీట్‌లో ఎలా తెలుస్తుంది?

400ను 11.34తో భాగిస్తే 35.27 వచ్చింది, అంటే 35 టిన్నులు నిండి 270 గ్రాములు మిగిలినట్టేనా అని ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి అడిగారు. కాదండీ. ఆ .27 కేజీల లెక్క కాదు, టిన్నులో భాగం. నిజంగా మిగిలేది 3 కేజీల 100 గ్రాములు. మీ లెక్కతో సరుకు పలాస పంపితే 2 కేజీల 830 గ్రాముల పప్పు చీటీలోకే ఎక్కదు.

శేషాన్ని నేరుగా ఇచ్చేది మాడ్ ఫంక్షన్. ఏ2లో 400 ఉంటే =మాడ్(ఏ2,11.34) అంటే 3.1 వస్తుంది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, షీట్‌లో ఫంక్షన్ పేర్లు, సెల్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

అయితే మీ పనికి దీన్ని ఇలాగే వాడకండి. 11.34 లాంటి దశాంశం కంప్యూటర్ లోపలి లెక్కలో ఖచ్చితంగా ఇమడదు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. 510.3 కేజీలంటే సరిగ్గా 45 టిన్నులు, శేషం 0 రావాలి. అలాంటి చోట ఒక్కోసారి కంటికానని చిన్న సంఖ్యో, ఏకంగా టిన్నెడు బరువో శేషంగా కనబడుతుంది. అందుకే ముందు గ్రాముల్లోకి మార్చుకోండి. ఎఫ్1లో 11340 పెట్టి, ఈ మూడూ రాయండి:

బీ2: =రౌండ్(ఏ2*1000,0)
సీ2: =ఇంట్(బీ2/$ఎఫ్$1)
డీ2: =మాడ్(బీ2,$ఎఫ్$1)

400కి సీ2లో 35 టిన్నులు, డీ2లో 3100 గ్రాములు వస్తాయి. డాలర్ గుర్తులు మర్చిపోతే ఫార్ములా కిందికి లాగగానే ఎఫ్1 కాస్తా ఎఫ్2 అవుతుంది. అది ఖాళీ సెల్, సున్నాతో భాగించినట్టయి ఎర్రర్ వస్తుంది. కొనేవాళ్లు 10 కేజీల డబ్బాలు అడిగితే ఎఫ్1 ఒక్కటే 10000 చేస్తే చాలు.

ఏ2లో "400 కేజీలు" అని కొట్టకండి, అది అక్షరాల కింద లెక్క, వాల్యూ ఎర్రర్ వస్తుంది. తూకం చీటీ ఒడియా అంకెల్లో ఉన్నా సెల్‌లో మామూలు 1, 2, 3లే ఎక్కించండి.

తరుగు పోగా నిల్వ మైనస్‌లోకి వెళ్లిన రోజు ఇంకా జాగ్రత్త. మాడ్ ఫలితానికి భాజకం గుర్తే (ప్లస్ లేదా మైనస్) ఉంటుంది. 5 కేజీలు తక్కువపడితే, అంటే -5000కి, 6340 చూపిస్తుంది. చూసినవాళ్లు అంత పప్పు మిగిలిందనుకుంటారు. =ఇఫ్(బీ2<0,"తక్కువ",మాడ్(బీ2,$ఎఫ్$1)) అని డీ2 మార్చుకోండి.

ఇక రోజువారీ శేషాలను కూడి నెలాఖరు శేషం అనుకోవద్దు. రోజుకు 3.1 చొప్పున నాలుగు రోజులకు 12.4, అంటే ఇంకో టిన్ను నిండి 1.06 మిగలాలి. మాడ్‌ను మొత్తం బరువు మీదే వేయాలి. అదీ గ్రేడు వారీగా, సమ్‌ఇఫ్‌తో (షరతుకు సరిపోయినవాటినే కూడే ఫంక్షన్) కూడిన తర్వాత. డబ్ల్యూ 240 గ్రేడు పప్పులో మిగిలినదాన్ని డబ్ల్యూ 320 గ్రేడు టిన్నులో పోయరు కదా.